కాళ్లు బాగయ్యేదాకా ఆగాలా?

2016 మే నెల. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పోయే దారిలో ఒక పల్లె. ఆ సంఘంలో సెలవుల బైబిలు పాఠశాల ముగింపు రోజున పిల్లలకు ఆటల పోటీలు పెట్టాం. గోనెసంచి పందెం, చెంచాలో నిమ్మకాయ, ఆఖరున పరుగు పందెం. వేపచెట్టు కింద నులకమంచం మీద పదకొండేళ్ల పిల్లవాణ్ణి ఒకణ్ణి వాళ్ల జేజి తెచ్చి కూర్చోబెట్టింది. కరువుకు అమ్మానాన్నలు బెంగళూరు కట్టుబడి పనులకు పోయారు. వాడి రెండు కాళ్లూ బిగుసుకుపోయి కత్తెర వేసినట్టు ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. చేతులు ఆడతాయి గాని, చెప్పినంత తొందరగా ఆడవు. మాట నిదానం. అందువల్ల గెలిచినవాళ్లకు చప్పట్లు కొట్టే పని వాడికి అప్పగించాం.

వాడు చిన్నబుచ్చుకోకూడదని చివర్లో ఒక స్టీలు గిన్నె వాడికీ బహుమతిగా ఇచ్చాం. వాడు దాన్ని అందుకోలేదు. ‘అయ్యగారూ, నేనెప్పుడు పరిగెత్తేది?’ అని అడిగాడు.

మేము వాడి తల నిమిరి, ‘దేవుడు నీ కాళ్లు బాగుచేసినప్పుడు పరిగెత్తుదువులే నాయనా’ అన్నాం. చుట్టూ ఉన్నవాళ్లు ఆమేన్ అన్నారు. వాడు అనలేదు.

ఎనిమిదేళ్లు గడిచాయి. 2024 సెప్టెంబరులో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అదే అబ్బాయి, ఇప్పుడు పంతొమ్మిదేళ్లవాడు, సెల్‌ఫోను మా చేతికిచ్చాడు. ప్యారిస్ పారాలింపిక్స్‌లో మహిళల వంద మీటర్ల చక్రాల కుర్చీ పరుగు. వరుసగా మూడు చక్రాల బండ్లు, వాటిలో తల వంచి కూర్చున్న యువతులు, చేతులతో చక్రాలను కొడుతూ దూసుకుపోతున్నారు. ‘వీళ్లది కూడా నా జబ్బు లాంటిదేనంట అయ్యగారూ. వీళ్ల కాళ్లు బాగయినాయా?’ అన్నాడు.

మా దగ్గర జవాబు లేదు. సెమినరీలో చదివిన వేదాంతం, ఇన్నేళ్ల కాపరి పని ఆ ప్రశ్న ముందు అక్కరకు రాలేదు. ఆ రాత్రి నుంచి ఆ పరుగును గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాం. మేము తెలుసుకున్నది పాఠకులతో పంచుకోవడం మా బాధ్యత అనిపించింది.

మెదడుకు తగిలిన దెబ్బ

సెరిబ్రల్ పాల్సీని తెలుగులో మస్తిష్క పక్షవాతం అంటారు. చూసేవారికి కాళ్ల జబ్బులా కనిపిస్తుంది గాని, దీని మూలం కాళ్లలో లేదు. బిడ్డ కడుపులో ఉండగానో, ప్రసవ సమయంలోనో, పుట్టిన కొద్దికాలానికో ఎదిగే మెదడుకు దెబ్బ తగులుతుంది. నెలలు నిండకుండా పుట్టడం, మరీ తక్కువ బరువు, పుట్టగానే ఏడవక ప్రాణవాయువు అందకపోవడం, పసికందుకు కామెర్లు ముదిరిపోవడం, మెదడువాపు జ్వరం వంటివి ఇందుకు కారణాలు. ప్రపంచంలో ప్రతి వెయ్యి మంది శిశువుల్లో ఇద్దరు ముగ్గురికి ఇది వస్తుందని వైద్యుల అంచనా.

ఎక్కువమందిలో జరిగేది ఇది: కండరం బిగుసుకొమ్మనే ఆజ్ఞ మెదడు నుంచి వస్తుంది, వదులుకొమ్మనే ఆజ్ఞ సరిగా రాదు. దానితో కాళ్లు చేతులు కట్టెలా బిగుసుకుంటాయి. మరికొందరిలో చేతులు తమంతట తామే మెలికలు తిరుగుతాయి. ఇంకొందరిలో నిలకడ ఉండదు. ఇది అంటువ్యాధి కాదు. వయసుతో పాటు మెదడులోని దెబ్బ పెరగదు. చాలామందికి తెలివితేటల్లో ఏ లోటూ ఉండదు. మాట తడబడుతుందని వాళ్లను తెలివి తక్కువవాళ్లుగా చూడడం మన తెలివితక్కువతనమే.

మన రాయలసీమ పల్లెల్లో ఈ బిడ్డల తల్లులు మోసే నిందలు ఇన్నీ అన్నీ కావు. గ్రహణం వేళ కడుపుతో బయటికి వచ్చిందంటారు, గాలి సోకిందంటారు, పెద్దల శాపమంటారు. క్రైస్తవ ఇళ్లలో మాట మారుతుంది గాని నింద మారదు. ఎవరి పాపమో అంటారు, విశ్వాసం చాలలేదంటారు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు ప్రభువును అడిగింది కూడా ఇదే. వీడు చేసిన పాపమూ కాదు, వీడి తల్లిదండ్రులు చేసిన పాపమూ కాదని ఆయన చెప్పిన జవాబు యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఉంది. ఆ అధ్యాయం మీద మేమే ఎన్నోసార్లు ప్రసంగించాం. ఆ జేజి మా ప్రసంగాలు విన్నది కూడా. అయినా తన కోడలు చేసిన తప్పేమిటని ఒకనాడు మమ్మల్నే అడిగింది. మా ప్రసంగం ఆమె గడప దాటి లోపలికి పోలేదని అప్పుడు తెలిసింది.

మూడు చక్రాల బండి

గాయపడిన సైనికుల కోసం ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ 1948 జూలై 29న విలువిద్య పోటీ పెట్టాడు. పాల్గొన్నవారు 16 మంది. చక్రాల కుర్చీ క్రీడలకు, తర్వాతి కాలపు పారాలింపిక్స్‌కు అదే నాంది. అయితే సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి ఆ మైదానంలో చోటు దొరకడానికి ఇంకా ముప్ఫై ఏళ్లకు పైగా పట్టింది. 1980లో నెదర్లాండ్స్ దేశపు ఆర్నెమ్‌లో జరిగిన పారాలింపిక్స్‌లో వాళ్లు మొదటిసారి పాల్గొన్నారు.

పరుగు కుర్చీ మనం ఆసుపత్రిలో చూసే కుర్చీ వంటిది కాదు. వెనుక రెండు పెద్ద చక్రాలు, పైన దగ్గరగా, నేల దగ్గర ఎడంగా వాలి ఉంటాయి. ముందు చాలా దూరంగా ఒక చిన్న చక్రం. క్రీడాకారులు కాళ్లు మడిచి కట్టుకుని, ఛాతీ ముందుకు వంచి కూర్చుంటారు. తలకు హెల్మెట్, చేతులకు గట్టి తొడుగులు. చక్రానికి ఆనుకుని ఉండే చిన్న వలయాన్ని పట్టుకుని తోయరు, పిడికిలితో కొట్టి తిప్పుతారు. మలుపులో ముందు చక్రాన్ని తిప్పి ఉంచడానికి ఒక మీట ఉంటుంది. ఇటువంటి మంచి బండి కొనాలంటే లక్షల్లో పని.

సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి ఈ పరుగులో ఒక విచిత్రమైన కష్టం ఉంది. ఎంత గట్టిగా ప్రయత్నిస్తే ఒళ్లు అంత బిగుసుకుపోతుంది. చేతులకు బలం పెట్టబోతే ఆ బిగువు మెడకు, నడుముకు, కాళ్లకు పాకుతుంది. మనకు పట్టుదల పెరిగితే వేగం పెరుగుతుంది, వాళ్లకు పట్టుదలే పగ్గం వేస్తుంది. కనుక బలంగా కొట్టడంతో పాటు, కొట్టిన మరుక్షణం వదులు కావడం నేర్చుకోవాలి. ఏళ్ల సాధన ఇందుకే. ఇంకొకటి, పందెం మొదలయ్యే తుపాకి చప్పుడు. హఠాత్తుగా శబ్దం వినిపిస్తే ఈ జబ్బు ఉన్న చాలామంది ఒళ్లంతా ఉలిక్కిపడి బిగుసుకుంటుంది. నిలిచి ఉన్న బండిని కదిలించే మొదటి నాలుగైదు దెబ్బలు వంద మీటర్ల పందేనికి ఆయువుపట్టు. సరిగ్గా ఆ క్షణంలోనే సొంత ఒంటితో పోరాటం.

మరి అందరినీ ఒకే వరుసలో నిలబెడితే న్యాయమా? కాదు. అందుకే తరగతులు పెట్టారు. కండరాల సమన్వయం దెబ్బతిన్నవారిలో చక్రాల కుర్చీ మీద పరుగెత్తేవారికి టీ-32, టీ-33, టీ-34 తరగతులు, నిలబడి పరుగెత్తేవారికి టీ-35 నుంచి టీ-38 వరకు. టీ అంటే ట్రాక్. ఈ వరుసలో అంకె తగ్గేకొద్దీ ఇబ్బంది ఎక్కువని అర్థం. వెన్నెముక దెబ్బతిన్నవారికి, కాళ్లు కోల్పోయినవారికి వేరే తరగతులు ఉన్నాయి. జాలి చూపి బహుమతి ఇవ్వడం ఇక్కడ లేదు. సమానులను సమానుల మధ్య నిలిపి, గెలుపు ఓటములను వాళ్లకే వదిలేయడం ఉంది. మేము ఆ స్టీలు గిన్నెతో చేయలేకపోయింది ఇదే.

ఓడిపోయే హక్కు

ప్యారిస్ పందెంలో గెలిచిన హన్నా కాక్‌రాఫ్ట్ ఇంగ్లండు యువతి. 1992లో పుట్టిన రెండు రోజుల్లోనే రెండుసార్లు గుండె ఆగి, మెదడు దెబ్బతింది. ఈమె నడవదు, మాట్లాడదు, యౌవనం చూడదు అని తల్లిదండ్రులకు చెప్పారు. ఆమె టీ-34 తరగతిలో 2012 లండన్‌లో రెండు, 2016 రియోలో మూడు, టోక్యోలో రెండు, 2024 ప్యారిస్‌లో రెండు, మొత్తం తొమ్మిది పారాలింపిక్ స్వర్ణాలు గెలిచింది. 2021 ఆగస్టు 29న టోక్యోలో వంద మీటర్లను 16.39 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అంటే సగటున గంటకు దాదాపు 22 కిలోమీటర్ల వేగం. సైకిలు గట్టిగా తొక్కేవాడు కూడా ఆమెతో సమంగా పోవడానికి ఆయాసపడాలి.

రెండో స్థానంలో వచ్చిన కేర్ అడెనెగన్ మమ్మల్ని ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది. 2000 డిసెంబరులో పుట్టిన ఈమెకు సెరిబ్రల్ పాల్సీ ఉంది. 2012 లండన్ పోటీలను టీవీలో చూసి తానూ పరుగెత్తాలనుకుంది. తాను క్రైస్తవ విశ్వాసినని బాహాటంగా చెప్పుకునే అమ్మాయి. 2018లో 16.80 సెకన్లతో ప్రపంచ రికార్డు ఆమె పేర ఉండేది, తర్వాత అది మళ్లీ హన్నా చేతికి పోయింది. టోక్యోలో రజతం, ప్యారిస్‌లో రజతం. పెద్ద వేదిక మీద మళ్లీ మళ్లీ ఒకే మనిషి వెనుక రెండోదిగా రావడం తేలికైన సంగతి కాదు. కాని ఆ ఓటమి కూడా ఆమెదే, ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. మన పిల్లలకు మనం గెలుపునే కాదు, గౌరవంగా ఓడిపోయే హక్కును కూడా ఇవ్వలేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఈ కేర్ అడెనెగన్ తన మొదటి పారాలింపిక్ పతకాలు గెలిచింది రియోలో, 2016 సెప్టెంబరులో. పదిహేనేళ్ల వయసులో ఒక రజతం, రెండు కాంస్యాలు. కాళ్లు బాగైతే పరుగెత్తుదువులే అని మేము ఆ బిడ్డకు చెప్పి అప్పటికి నాలుగు నెలలే అయింది. మా జవాబు ప్రేమలోంచే వచ్చింది, అయినా తప్పు జవాబు.

ఇదంతా ఇంగ్లండు సంగతి, మన కరువు సీమకు ఇవన్నీ కుదురుతాయా అని ఎవరైనా అడగవచ్చు. పొరుగునే ఉన్న బెంగళూరుకు చెందిన మాలతి హొళ్ల పసితనంలోనే పోలియో బారిన పడి, చక్రాల కుర్చీ మీద పోటీల్లో పాల్గొని, 1995లో అర్జున అవార్డు, 2001లో పద్మశ్రీ అందుకుంది. 2024 ఆగస్టు 30న ఉత్తరప్రదేశ్ రైతు కుటుంబపు అమ్మాయి ప్రీతి పాల్, టీ-35 తరగతి వంద మీటర్లలో 14.21 సెకన్లతో కాంస్యం గెలిచింది. పారాలింపిక్స్ ట్రాక్ మీద మన దేశానికి వచ్చిన మొదటి పతకం అది. ఆమె చిన్నతనంలో ఏళ్ల తరబడి కాలిపర్స్ తొడుక్కుని నడిచింది. ఆ తర్వాత నాలుగు రోజులకే మన తెలుగు బిడ్డ, వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. ఆమెది బుద్ధి ఎదుగుదలకు సంబంధించిన టీ-20 తరగతి, ఈ జబ్బు కాదు. కాని ఊళ్లో ఎగతాళి మాటలు పడింది ఆమె కూడా, ఆమె తల్లిదండ్రులు కూడా. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలు మొదటిసారి మన దేశంలో, ఢిల్లీలో జరిగాయి. దూరం తగ్గుతోంది. ఆ దూరాన్ని ఇంకా తగ్గించాల్సింది మనమే.

రాజు బల్ల దగ్గర చోటు

మెఫీబోషెతు కథ మనందరికీ తెలిసిందే. యోనాతాను కొడుకు. ఐదేళ్ల వయసులో దాది వాణ్ణి ఎత్తుకుని పరుగెత్తుతుండగా కిందపడి రెండు కాళ్లూ కుంటివయ్యాయి. ఆ దాది చంపాలని పడవేయలేదు, బతికించాలని పరుగెత్తింది. ఇన్నేళ్లూ ఆమె మనసు ఎంత నలిగిందో వాక్యం చెప్పదు. మన తల్లులను చూస్తే ఊహించుకోవచ్చు.

దావీదు లోదెబారు నుంచి అతణ్ణి పిలిపించి, తన కొడుకుల్లో ఒకడిగా తన బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. రెండో సమూయేలు తొమ్మిదో అధ్యాయం ఎలా ముగుస్తుందో గమనించండి. అతడు రాజు బల్ల దగ్గర భోజనం చేస్తూ వచ్చాడని చెప్పి, వెంటనే అతని రెండు కాళ్లూ కుంటివని మరోసారి చెబుతుంది. కాళ్లు బాగయ్యాక బల్ల దగ్గరికి రమ్మనలేదు దావీదు. చోటు ముందు, స్వస్థత మాట తర్వాత. మనం దాన్ని తలకిందులు చేశాం. బాగైతే చోటు అన్నాం.

హెబ్రీ పత్రిక పన్నెండో అధ్యాయం విశ్వాస జీవితాన్ని పరుగు పందెంతో పోలుస్తూ మొదలవుతుంది. దాన్ని చదివి మనం మన ఓపికను గురించే మాట్లాడతాం. కాని పన్నెండు వచనాలు గడిచాక అదే రచయిత త్రోవలు చదును చేయమంటాడు, కుంటివాడు ఇంకా దెబ్బ తినకుండా బాగుపడేలా చూడమంటాడు. పరుగెత్తేవాడికి ఓపిక ఎంత అవసరమో, దారి బాగుచేసేవాడు కూడా అంతే అవసరం. స్వస్థత కోసం ప్రార్థించడం మానమని మేము చెప్పడం లేదు. మేమూ మానలేదు. ప్రార్థన చేస్తున్నామని దారి చదును చేయడం మానవద్దని చెబుతున్నాం.

మన సంఘాల్లో ఏం చేయగలం?

మొదట గుడి మెట్లు చూసుకున్నాం. మూడే మెట్లు, అడుగున్నర ఎత్తు. ఆ మూడు మెట్ల కోసం ఎన్నో ఏళ్లుగా ఆ జేజి మనవణ్ణి ఎత్తుకుని ఎక్కింది. ఎత్తలేని రోజున వేపచెట్టు కిందే కూర్చుంది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉంటే చక్రాల కుర్చీ తేలికగా ఎక్కుతుంది. అంటే మాకు పద్దెనిమిది అడుగుల వాలు దారి చాలు. యువకులు ఇసుక తోలారు, మేస్త్రీ అయిన ఒక విశ్వాసి కూలి తీసుకోలేదు. నునుపు చేసిన కడప బండ వానకు జారుతుందని గరుకు బండలే పరిచాం.

తల్లిదండ్రులకు తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి. పుట్టగానే ఏడవని బిడ్డను, మెడ నిలపాల్సిన వయసులో నిలపని బిడ్డను వెంటనే పిల్లల వైద్యులకు చూపించాలి. పసికందుకు అరచేతులు, అరికాళ్ల దాకా పచ్చబడితే ఎండలో పడుకోబెట్టి ఊరుకోకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోవాలి. మందు ఒక్కటే సరిపోదు, వ్యాయామ చికిత్స ఎంత చిన్న వయసులో మొదలైతే అంత మేలు. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలను అడిగి తెలుసుకోవాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సెరిబ్రల్ పాల్సీ ఒకటి. ధ్రువపత్రం తీసుకోవడం సిగ్గు పడాల్సిన పని కాదు.

అందరూ చక్రాల పందెం వేయలేరు. చేతులు కూడా సరిగా ఆడనివారికి బోచా అనే బంతుల ఆట ఉంది, 1984 నుంచి అది పారాలింపిక్స్‌లో ఉంది. నిలబడలేకపోయినా కాళ్లు నేలకు తోయగలిగినవారికి ఆనుకుని పరుగెత్తే మూడు చక్రాల చట్రం వచ్చింది, 2019 దుబాయ్ ప్రపంచ పోటీల్లో దానికీ పందేలు పెట్టారు. ఏ ఆటా ఆడలేని బిడ్డలూ ఉంటారు. వాళ్ల విలువ పతకంతో ముడిపడినది కాదు. రాజు బల్ల దగ్గర కూర్చోవడానికి పందెం గెలవనక్కరలేదు.

2025 మే నెలలో మళ్లీ సెలవుల బైబిలు పాఠశాల ముగింపు రోజు వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి నలుగురిని పిలిపించాం. పరుగు కుర్చీలు మాకెక్కడివి? ఆసుపత్రిలో వాడే మామూలు కుర్చీలే అడిగి తెచ్చాం. ముందుగా ఫిజియోథెరపిస్టుకు చూపించాం. నడుముకు బెల్టు, తలకు మోటారు సైకిలు హెల్మెట్లు, కుర్చీ వెనక్కి పల్టీ కొట్టకుండా ఒక్కొక్కరి వెంట ఒక్కో మనిషి. బడి ఆవరణలో పల్లేరు ముళ్లు, రాళ్లు ఏరి నలభై అడుగుల దారి చదును చేశారు మా యువకులు. ఈల వేస్తే ఉలిక్కిపడతారని చేతిరుమాలు ఊపి మొదలుపెట్టాం.

మా అబ్బాయి మూడోవాడుగా వచ్చాడు. చెమటతో తడిసిపోయాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఓదార్చబోయి మేము స్టీలు గిన్నె తీశాం. వాడు దానివైపు చూడను కూడా చూడలేదు.

‘ఇంకో తూరి పెట్టండయ్యగారూ’ అన్నాడు.

ఆ ఎండలోనే ఇంకో తూరి పెట్టాం. ఈసారి రెండోవాడుగా వచ్చాడు. జేజి వేపచెట్టు కింద నుంచి లేచి వచ్చి గీత దగ్గర నిలబడింది. ప్రియ పాఠకులారా, మీ సంఘంలోనూ ఏదో ఒక చెట్టు కింద ఒక బిడ్డ చప్పట్లు కొడుతూ కూర్చుని ఉండవచ్చు. ఈ ఆదివారం ఒకసారి బయటికి వచ్చి చూడండి.